మందు లేని సూది, మొదటి బోనం

రత్నాబాయికి రెండో స్థానం అంటే పడదు. పొద్దున్నే నీళ్ళు వచ్చేవేళకు ఆమె ఉండే చాల్, అంటే వరస గదుల పాత మేడ, దాని కింద నల్లా దగ్గర మొదటి బిందె ఆమెదే. ఎన్నికల రోజున పోలింగ్ బూత్ తలుపు తీసేసరికి గడప దగ్గర ఆమె నిలబడి ఉంటుంది. లోపలివాళ్ళు ఇంకా కుర్చీలు సర్దుకుంటూ ఉంటారు. బస్సెక్కితే ముందు సీటు, పెళ్ళికి పోతే మొదటి పంక్తి, చావుకు పోతే శవం తల దగ్గర చోటు. ఓసారి స్టేషన్‌లో అందరికంటే ముందు ఉరికి లోకల్ ఎక్కితే, అది యార్డుకు పోయే ఖాళీ బండి అని తేలింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, తాను సరిగ్గానే ఎక్కాననీ, ఎక్కినంక బండే తప్పు దారిన పోయిందనీ చెబుతుంది.

ముంబైలో రెడ్‌లైట్ ఏరియాగా పేరుపడ్డ కామాటిపురా అనగానే కళ్ళు పెద్దవి చేసి గొంతు తగ్గించేవాళ్ళకు ఇక్కడ దొరికేదేమీ లేదు. ఈ గల్లీలో ఉండేది ఒకప్పుడు రాళ్ళూ సున్నమూ మోసిన కామాటీల మనవలు, మునిమనవలు. కారే పైకప్పు గురించీ, కరెంటు బిల్లు గురించీ, చాల్ కూల్చి కడతామని చెప్పి ఎప్పటికీ కట్టని టవర్ గురించీ మాట్లాడుకుంటారు. రత్నాబాయి తాత పాలమూరు నుంచి తట్ట మోయడానికి వచ్చాడు. తల్లి గదుల ముందు వసారాలాంటి గ్యాలరీలో కూర్చుని బీడీలు చుట్టింది. రత్నాబాయి ఇదే చాల్ రెండో అంతస్తులో పుట్టి, మూడో అంతస్తుకు కాపురానికి వచ్చింది. ఆమె అప్పగింతలు ఒక మెట్ల వరుసలో ముగిశాయి. బ్యాండువాళ్ళు ఆ మెట్ల మీద పట్టక కిందే నిలబడి వాయించారట. పుట్టింటి మీద బెంగ పెట్టుకునే వీలు కూడా ఆమెకు దక్కలేదు. తల్లి కింద దగ్గితే పైకి వినబడేది.

భర్త నారాయణ ఫోర్టు ఏరియాలో ఓ ఆఫీసులో లిఫ్ట్ నడిపి రిటైరయ్యాడు. రోజంతా అంతస్తుల పేర్లు తప్ప మరో మాట అనక్కర్లేని ఉద్యోగం చేసినందువల్లనో ఏమో, ఇంట్లోనూ మాట తక్కువ. ఆమె గిర్గావ్‌లో ఒక పోళీ-భాజీ కేంద్రంలో పని చేస్తుంది. వండుకునే తీరిక లేని మరాఠీ ఇళ్ళకు పోళీలు, అంటే మనం చపాతీలు అనేవి, పీట ముందు నిలబడి ఒత్తుతుంది. తాను మాత్రం ఇంటికొచ్చి జొన్నరొట్టె తింటుంది. ఒత్తిందే తినడం ఆమె దృష్టిలో ఓవర్‌టైమ్.

ఆషాఢం చివరి ఆదివారం చాల్ ఆడవాళ్ళంతా బోనాలెత్తుకుని గల్లీ చివరి పోచమ్మ గుడికి పోతారు. కొత్త కుండలో అన్నం, పైన మూకుట్లో దీపం, చుట్టూ పసుపు, వేపాకు. ఊళ్ళలో ఎలా నడుస్తుందో గాని ముంబైలో ఆషాఢమంటే ఎడతెగని వాన. అందుకని ఈ చాల్‌కు తనదైన పద్ధతి ఒకటి ఏర్పడింది. బోనమెత్తినావిడ వెనకాల ఆమె ఇంటాయన గొడుగు పట్టుకుని నడుస్తాడు. ఆమె కుడిచెయ్యి కుండ మీద ఉండాలి, ఎడమచేతిలో వేపకొమ్మ. చాల్ గడప నుంచి గుడి గడప దాకా ఆ కుడిచెయ్యి కుండను వదలకూడదు. వదిలితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఇంతవరకు ఎవరూ వదల్లేదు. గుడి ముందు ఎవరి కుండను వాళ్ళే రెండు చేతులా తల మీంచి పైకెత్తి దించాలి. మరో చెయ్యి సాయం పడితే లెక్కలోకి రాదు.

వరసలో మొదటి బోనం రత్నాబాయిది. అత్త చనిపోయినప్పటి నుంచీ ఆమెదే. దీన్ని భక్తి అని రాస్తే రత్నాబాయే నవ్వుతుంది. పోచమ్మంటే ఆమెకు భయముంది, మర్యాద ఉంది. కాని డప్పులు మొదలై, గ్యాలరీల్లోంచి జనం వంగి చూస్తుంటే, వెనకాల అంతమంది ఆడవాళ్ళుండగా తన ముందు ఒక్క వీపు కూడా అడ్డం లేకుండా నడవడం, అదీ ఆమెకు కావలసింది. ఏడాది పొడుగునా పరాయి ఇళ్ళ చపాతీలు ఒత్తిన మనిషికి ఒక్క పూట అలా నడవాలనుంటే, దానికి పుణ్యం రంగు వెయ్యాల్సిన అవసరం లేదు.

ఈ ఏడు ఎండాకాలంలో ఆ కుడి భుజం మొరాయించింది. మొదట ఒత్తుతున్నప్పుడు వీపు మీది రెక్క ఎముక దగ్గర సన్నగా లాగేది. తర్వాత తల దువ్వుకుంటుంటే మంట. ఒకరోజు గ్యాలరీ తాడు మీద చీర ఆరేయబోతే చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. చాల్‌లో ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చెప్పారు. ఒకరు వేడి ఉప్పు మూట పెట్టమన్నారు, ఇంకొకరు బంగాళాదుంప మానెయ్యమన్నారు. నారాయణ రోజూ సాయంత్రం భుజం పిసికేవాడు గాని, లిఫ్ట్ బటన్ నొక్కినట్టు ఒకే చోట ఒకే వేలితో నొక్కేవాడు. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. అది ఆమెకు అవమానంగా తోచింది.

"బొక్క మంచిగున్నదంట. మరి నొప్పి నేనేమన్న నకలీ చేస్తున్ననా" అని ఆ వారమంతా కనబడిన వాళ్ళనల్లా నిలదీసింది.

చీర ఆరేయలేక తంటాలు పడుతున్న ఆ పొద్దు పక్క గదిలోంచి భవాని చూసింది. భవాని ఆమెకు తోటికోడలు, వయసులో బాగా చిన్న. బోనాల వరసలో రెండోది. ప్రతి ఏడూ గల్లీ పొడుగునా ఒకే వీపు చూస్తూ నడిచి విసిగిపోయిన మనిషి. వచ్చి చీర అందుకుని, తాడు మీద ఒక్క విసురులో ఆరేసి, అంచు సాపు చేసి, తీరిగ్గా అడిగింది.

"అక్కా, ఈసారి పహిలా బోనం నేనెత్తుకోనా? నువ్వు నా వెనక నిమ్మలంగ రా."

"నీ వెనక రానీకి నేనేమన్న నీ గొడుగునా" అంది రత్నాబాయి.

అంది గాని, సంగతి అక్కడితో ఆగలేదు. బోనాల మండల్, అంటే పండగ కమిటీ, దానికి అధ్యక్షుడైన శంకర్రావు రూల్స్ మనిషి. సంగతి అతని చెవిన పడగానే, చెయ్యి లేవని మనిషికి మొదటి బోనం ఎలా ఇస్తామన్నాడు. పండగ ముందు వారానికల్లా తేల్చుకోమన్నాడు.

చాల్ కింది అంతస్తులో, ఒకప్పుడు టైలరు దుకాణమున్న గదిలో, రుతుజ ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టింది. రెండు మంచాలు, మధ్య ఒక పరదా, బయట ఒక బెంచీ. రుతుజ నాలుగో అంతస్తు పిల్ల. తెలుగు మాట్లాడటం నానమ్మ దగ్గర నేర్చుకుంది. కోపమొస్తే మరాఠీలోకి దూకుతుంది. రత్నాబాయిని మరాఠీ పద్ధతిలో మావశీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. ఇంతకాలం ఆమె దగ్గరికి రత్నాబాయి పోకపోవడానికి కారణం ఒక్కటే: క్లినిక్ తెరిచిన రోజున తన కంటే ముందు ఇంకెవరో వెళ్ళారు.

రుతుజ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. కీలు పట్టెయ్యలేదంది. వీపు మీద వేలు పెట్టి వెతుకుతూ వెతుకుతూ ఒకచోట నొక్కితే రత్నాబాయి నొప్పి భుజం మీంచి మోచెయ్యి దాకా పాకింది. అదే దొంగ అంది రుతుజ. పిండి సరిగ్గా కలవకపోతే లోపల ఉండలు మిగిలినట్టు, ఒకే పని చేసీ చేసీ అలిసిన కండలో గట్టి ముడులు పడతాయనీ, ఎక్స్‌రేలో అవి కనబడవనీ, సన్నని సూదిని నేరుగా ఆ ముడిలోకి దింపితే కండ ఒక్కసారి ఎగిరి వదులవుతుందనీ చెప్పింది. దాన్ని డ్రై నీడ్లింగ్ అంటారంది.

"మంచిగనే ఉంది. సూదిల ఏం మందు?"

"మందు లేదు మావశీ. సూది ఒక్కటే."

"మందు లేని సూది పొడిపించుకోనీకి నేనేమన్న పరుపునా."

అయినా పడుకుంది. ఆమె దగ్గర వేరే దారి లేదు. రుతుజ ముందే ఒక మాట చెప్పింది. సూది సగం పనే చేస్తుంది, మిగతా సగం రోజూ గోడకు వేళ్ళతో చెయ్యి ఎక్కించే వ్యాయామం చెయ్యాలి. నడుమ సెషన్ ఎగ్గొడితే బోనం నాటికి చెయ్యి లేస్తుందని తాను మాట ఇవ్వలేనంది. అన్నిటికీ రత్నాబాయి ఊఁ అంది.

తోడుగా అంజమ్మ వచ్చింది. అంజమ్మ పాలమూరు నుంచి బిల్డింగు పనికి వచ్చిన మనిషి, చాల్ మెట్ల పక్క గదిలో ఉంటుంది. వానలకు సైటు పని ఆగి ఖాళీగా ఉంది. రత్నాబాయిని వదినా అంటుంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సూదుల పొట్లం విప్పుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రత్నాబాయి బోర్లా పడుకుంది. మంచానికి ముఖం పట్టేంత రంధ్రం ఉంది. అందులోంచి ఆమెకు కనబడేది నేల మీది బండా, రుతుజ చెప్పులూ, అంతే. సూది దిగడం తెలియనే లేదు. అంత హడావుడి చేసింది ఇంతేనా అనుకుంటుండగా, రుతుజ సూదిని కొంచెం కదిపింది. భుజం దానంతటది ఎగిరింది. గంపలోంచి జారిన చేప ఎగిరినట్టు, రత్నాబాయి ప్రమేయం ఏమీ లేకుండా, ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"మస్త్. ఇదే కావాలె" అని రుతుజ సంతోషపడింది. ఇంకో రెండు చోట్ల సూదులు దింపి, కదలొద్దని చెప్పి, పరదా అవతల మోకాళ్ళ పేషెంటును చూడ్డానికి పోయింది.

అప్పుడు మంచం కిందికి అంజమ్మ పాదాలు వచ్చాయి. రెండూ దగ్గరగా పెట్టుకుని, మెట్టెలు బండకు తాకేలా, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాయి. అంజమ్మ తన ఊళ్ళో శిగాలు, పూనకాలు చూసిన మనిషి. అమ్మవారు ఒంటి మీదికి వస్తే ముందు భుజం అదురుతుందని ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. సూదులు, కండలు, ముడులు అన్నీ వింది. నమ్మింది మాత్రం కళ్ళను.

"అమ్మా, పోచమ్మ తల్లీ" అంది అంజమ్మ గొంతు తగ్గించి. "ఆషాఢంల అచ్చినవ్. ఏం కోరి అచ్చినవే."

రత్నాబాయికి నవ్వొచ్చింది. కాని వీపులో సూదులుండగా నవ్వితే ఏమవుతుందోనని బిగబట్టుకుంది. ఆ బిగింపుకు ఒళ్ళంతా వణికింది. అంజమ్మ పాదాలు ఇంకా దగ్గరయ్యాయి.

"తల్లీ, కోపం జెయ్యకు. ఒక్కటి అడుగుత. ఈ ఏడు నీకు ముందు బోనం ఎవరెత్తాలె?"

ఇలాంటి ప్రశ్న ఏ మనిషినీ అడక్కూడదు. అందులోనూ ముఖం కనబడకుండా బోర్లా పడుకున్న మనిషిని అసలే అడక్కూడదు.  రత్నాబాయి గొంతు బొంగురు చేసి, రంధ్రంలోంచి, స్పష్టంగా చెప్పింది.

"రత్నకే ఇయ్యాలె. పహిలా నంబర్ రత్నదే."

సూదులు తీసి, గుడ్డ కప్పి, రేపు కొంచెం పచ్చినొప్పిగా ఉంటుందని రుతుజ జాగ్రత్తలు చెప్పేలోపు అంజమ్మ చాల్‌లో లేని అంతస్తు లేదు. రత్నాబాయి మెట్లెక్కి పైకి వచ్చేసరికి గ్యాలరీలో జనం పక్కకు జరిగి దారిచ్చారు. నల్లా దగ్గర కొట్లాడితే తప్ప దొరకని మర్యాద ఉత్తినే దొరికింది. ఆమెకు ఒళ్ళు తేలిపోయింది. ఆ ఊపులో చెయ్యెత్తి చూసుకుంది. చెవి దాటి నాలుగు వేళ్ళ మందం పైకి పోయింది. సూదికి ఇంత మహిమ ఉందా అని కూడా అనుకుంది. మందు లేదన్న కోపం ఆ క్షణంలోనే పోయింది.

సాయంత్రం శంకర్రావు మండల్ మనుషులను కూర్చోబెట్టాడు. అమ్మవారి మాట ప్రకారం మొదటి బోనం రత్నాబాయిదే అన్నాడు. రత్నాబాయి భవాని వైపు చూసింది. కాని అంజమ్మ లేచి, పాలమూరు పద్ధతి చెప్పింది. అమ్మ ఒంటి మీదికొచ్చినామె బోనం ఎత్తదు. పొద్దున్నే గుడి దగ్గరికి పోయి పీట మీద కూర్చుంటుంది, బోనాలే ఆమె ముందుకు నడిచి వస్తాయి.

"ఎవరన్న తన నెత్తి మీద తననే మోసుకుంటరా" అని అడిగింది అంజమ్మ. మండల్ మనుషులు శంకర్రావు వైపు తిరిగారు.

శంకర్రావు కణత నొక్కుకుని ఆలోచించి తీర్పు చెప్పాడు. అమ్మవారి మాట పోకూడదు, పద్ధతీ పోకూడదు. కాబట్టి మొదటి బోనం రత్నాబాయి పేరు మీదే ఉంటుంది. ఎత్తుకు నడిచేది భవాని. ఈ చాల్‌లో సగం గదులు ఇలాగే నడుస్తున్నాయి: అద్దె రశీదు మీద పేరు ఒకరిది, లోపల చాప పరుచుకునేది మరొకరు. అందుకే ఆ తీర్పు అందరికీ వెంటనే అర్థమైంది, న్యాయంగానూ తోచింది. తోచనిది రత్నాబాయి ఒక్కతికే. నిజం చెబితే అబద్ధాలకోరు, చెప్పకపోతే పీట. అందరూ నడుచుకుంటూ వస్తుంటే ముందే పోయి కూర్చోవడం ఆమె బతుకులో ఊహించని శిక్ష.

వ్యాయామం మాత్రం ఆపలేదు. గది బయట గోడకు ఎదురుగా నిలబడి, చూపుడువేలూ నడిమివేలూ పురుగు పాకినట్టు పైకి పాకించేది. వంటింట్లోంచి నేరుగా వచ్చేది గనుక వేళ్ళ పసుపు గోడకు అంటేది. పసుపు మరకలు రోజురోజుకూ పైకి పోతున్నాయి. నారాయణ స్టూలు వేసుకుని పక్కన కూర్చునేవాడు. ఆమె నడుము దగ్గర మొదలుపెడితే గ్రౌండ్ అనేవాడు. భుజం దగ్గర ఫస్ట్. చెవి దగ్గర సెకండ్. పళ్ళు బిగబట్టి ఇంకా పైకి పోతే థర్డ్. పాత ఉద్యోగం తిరిగొచ్చినట్టు అతని గొంతులో కొత్త జీవం కనబడింది.

ఈలోగా గడప ముందు జనం. కొడుకు ఉద్యోగమో, కూతురి పరీక్షో అడగడానికి కొబ్బరికాయతో వచ్చేవాళ్ళు. రత్నాబాయి నోరు కుట్టుకుని కూర్చునేది. ఆమె తల ఆడించకపోయినా వాళ్ళకు కావలసింది వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. ఒకాయన టవర్ ఎప్పుడు లేస్తుందో చెప్పమని కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె విసుక్కుని "నాకేం తెల్సు" అంది. అమ్మవారికి కూడా తెలియని సంగతి ఒకటుందని చాల్ అంతా గౌరవంగా చెప్పుకుంది.

తర్వాతి వారం రుతుజ మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. మొదటి రెండు వాక్యాలూ మరాఠీలో పోయాయి. తెలుగులోకి వచ్చాక అసలు సంగతి బయటపడింది.

"కింద బెంచీ నిండ ఆడోళ్ళు మావశీ. ఒక్కరికి నొప్పి లేదు. అందరికి భుజం ఎగరాలెనంట, అమ్మ రావాలెనంట. నేను క్లినిక్ పెట్టిన్నా, గుడి పెట్టిన్నా?"

రత్నాబాయి గోడ మీంచి చెయ్యి దించి, గదిలోకి లాక్కుపోయి, తలుపు వేసి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. రుతుజ ముందు నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూ బియ్యం డబ్బా మీద కూలబడింది. అమ్మవారు వెళ్ళిపోయిందని నువ్వు కిందకు పోయి చెప్పరాదా అని రత్నాబాయి బతిమాలింది. రుతుజ కళ్ళు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. రానిది పోయిందని తాను చెప్పనంది. చెప్పాల్సింది ఆ అబద్ధం చెప్పినవాళ్ళే. అది తేలేదాకా సెషన్ బంద్ అని లేచింది. రత్నాబాయి వెనకాలే దిగింది.

కింద బెంచీ దగ్గర గోల వినబడి శంకర్రావు అధ్యక్షుడి హోదాలో విచారించడానికి వచ్చాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడటం అతనికి అలవాటు. మెడ ఎప్పుడూ ఒక పక్కకే ఉంటుంది. రుతుజ అతన్ని చూసింది. ఆ మెడను చూసింది. నొప్పి ఉందా అని అడిగితే, ఏడాదిగా నిద్ర లేదన్నాడు. ఎప్పుడూ చేసే పరీక్షలన్నీ చేసి, అడగాల్సినవన్నీ అడిగి, అతను సరేనన్నాక, చొక్కా విప్పించి బోర్లా పడుకోబెట్టింది. అందరూ చూడొచ్చా అని అడిగింది. అధ్యక్షుడు చూడమన్నాడు. పరదా పూర్తిగా తీసేసింది.

ఊపిరితిత్తి వైపు పోకుండా భుజం మీది కండను రెండు వేళ్ళతో పైకి పట్టి సూది దింపింది. కదిపింది. శంకర్రావు భుజం గంతేసింది. బెంచీ మీది ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. మళ్ళీ గంతేసింది.

అంజమ్మ అప్పటికే ముందుకు పోయి పాదాలు దగ్గర పెట్టుకుంది. "తల్లీ, నువ్వు అన్న మీదికి గూడ అచ్చినవా" అంది.

మంచం రంధ్రంలోంచి గొంతు వచ్చింది. "అంజమ్మా, నేను శంకర్రావును. మండల్ అధ్యక్షుణ్ణి."

"నువ్వు ఏ రూపంల అచ్చినా మంచిదే తల్లీ. ముందు బోనం ఎవరిది?"

"తీర్మానం అయిపోయింది గదా" అంది అమ్మవారు.

ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. రుతుజ ఆ నవ్వు మధ్యలోనే, ముడిపడ్డ కండ ఎవరిదైనా సూదికి ఇలాగే ఎగురుతుందనీ, ఎగరాలనీ, అందుకే పొడుస్తామనీ చెప్పింది. నొప్పి లేని వాళ్ళను పొడిచేది లేదు, ఇళ్ళకు పొమ్మంది. ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్ళతో పాటు చూడ్డానికి వచ్చిన భవాని మాత్రం కదల్లేదు. ఆమె శంకర్రావు భుజాన్ని చూసింది, రత్నాబాయి ముఖాన్ని చూసింది.

"అన్న భుజం ఎగిరింది గని నోరు ఎగరలే" అంది భవాని. "మరి ఆ పొద్దు అక్క నోరెట్ల ఎగిరింది?"

 రత్నాబాయి పారిపోయేందుకు ఒక క్షణం మెట్ల వైపు చూసింది. అక్కడా జనమే ఉన్నారు. ఇక లాభం లేదని, ఉన్న చోటే, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కుడిచెయ్యే పెట్టుకుంది.

"ఆ మాట అమ్మది గాదు. నాది. ముందు నడ్వాలనుండె, అడిగితే చెప్పిన. ఇప్పుడు ఏం జేస్తరో చెయ్యండ్రి."

ఎవరూ ఏమీ చెయ్యలేదు. అందరూ అంజమ్మ వైపు చూశారు, మోసపోయింది ఆమె కదా అని. అంజమ్మ ఏమంత బాధపడినట్టు కనబడలేదు.

"నాకప్పుడే జర అనుమానమైంది వదినా" అంది. "మా ఊరి పోచమ్మ పహిలా నంబర్ అనదు. కానీ, ముంబైల ఇన్నేండ్లు ఉన్నది గదా, మరాఠీ నేర్చిందేమో అనుకున్న."

ఆ నవ్వుకు పై అంతస్తుల గ్యాలరీలు కూడా కదిలాయి. సూదితోనే బోర్లా ఉన్న శంకర్రావు నవ్వొద్దని రుతుజ చేత తిట్లు తిన్నాడు. సూది తీయించుకుని, చొక్కా వేసుకుని, మెడ రెండు వైపులా తిప్పి చూసి, ఆ ఆశ్చర్యంలో కొంత దయగానే తీర్పు మార్చాడు. అమ్మ రాలేదు గనుక రత్నాబాయి బోనం ఎత్తొచ్చు. భవాని ఒప్పుకోలేదు. అబద్ధమాడిన మనిషికి ఏ శిక్షా లేదా అంది. చివరికి షరతు ఒకటి కుదిరింది. ఈసారి రత్నాబాయే ముందు. గడప నుంచి గడప దాకా ఆ చెయ్యి కుండ మీంచి జారినా, గుడి దగ్గర తానుగా ఎత్తి దించలేకపోయినా, ఇక ఎప్పటికీ మొదటి బోనం భవానిది. వెనకనుంచి చూసే పని కూడా భవానిదే.

రత్నాబాయి మళ్ళీ సూదులకు పోయింది. భుజం ఎగిరింది, అంజమ్మ పక్కనే కూర్చుని, "ఎగరనీ, కండనే" అని వచ్చేపోయే వాళ్ళకు చెప్పింది. గోడ మీది పసుపు థర్డ్ దాటింది. దాని పైన మాత్రం రోజుల తరబడి ఆగిపోయింది. నారాయణ ఆ పైచోటును టెర్రస్ అన్నాడు. టెర్రస్ మీదికి ఆమె వేళ్ళు పోలేదు. ఒత్తే పని తగ్గించమని రుతుజ చెప్పింది. కేంద్రంలో అడిగి, ఒత్తడం మాని కాల్చడానికి మారింది. ఆదివారం వచ్చేసింది.

వాన పొద్దున్నుంచే ఉంది. డప్పులకు ప్లాస్టిక్ కాగితం కట్టారు. కుండ నెత్తి మీదికి ఎత్తడానికి చాల్ గడప దగ్గర సాయం పట్టొచ్చు, పట్టారు. రత్నాబాయి కుడిచెయ్యి కుండ మీద వేసింది. ముందు చూసింది. ఒక్క వీపు కూడా లేదు. తడిసిన గల్లీ, డప్పులవాళ్ళు పక్కకు జరిగి ఇచ్చిన దారి, అంతే.

సగం గల్లీ దాకా భుజం సంగతే గుర్తు రాలేదు. నారాయణ పొట్టి మనిషి గనుక ప్రతి ఏడూ లాగే గొడుగు అంచు కుండకు తగులుతూ ఉంది. ఆమె ప్రతి ఏడూ లాగే తిడుతూ ఉంది. లాండ్రీ దుకాణం దాటాక రెక్క ఎముక దగ్గర వెచ్చగా మొదలైంది. తర్వాత మంట. మోచెయ్యి కొంచెం కిందికి వాలింది.

"అక్కా, చెయ్యి దిగుతుంది" అంది వెనకనుంచి భవాని, చాలా మర్యాదగా.

"చెయ్యి గాదు, నీ కండ్లు దిగుతున్నయ్. ముందు నీ దీపం చూస్కో."

భవాని దీపం నిజంగానే కొట్టుకుంటోంది. దాన్ని కాపాడుకోవడంలో ఆమె కొంతసేపు నోరు మూసుకుంది. రత్నాబాయి వేళ్ళను కుండ మీద, గోడ మీద పాకించినట్టే, ఒక్కొక్కటిగా పైకి జరిపింది. ఫస్ట్, సెకండ్ అని వెనకనుంచి నారాయణ గొణిగాడు. అలా గోడెక్కినట్టే గల్లీ అంతా ఎక్కి గుడి గడపకు చేరింది. చెయ్యి జారలేదు.

ఇక దించాలి. దించాలంటే ముందు ఎత్తాలి. రెండు చేతులూ నిటారుగా పోతే తప్ప కుండ తల మీంచి లేవదు. ఇంత దూరం నడవడం గురించి ఆలోచించిందే గాని, ఈ జానెడు గురించి ఆలోచించకుండా దాటేసింది. జనంలో రుతుజ ఫోన్ పైకి పట్టుకుని నిలబడి ఉంది. అంజమ్మ కళ్ళు మూసుకుంది. భవాని అడుగు ముందుకు వేసి, మొదటిసారిగా ఆమె పక్కన నిలబడింది, బాగా చూడ్డానికి.

"గ్రౌండ్" అన్నాడు నారాయణ.

రత్నాబాయి వేపకొమ్మ వదిలేసి ఎడమచెయ్యి కూడా వేసింది. ఫస్ట్. కుండ కదిలింది. సెకండ్. భుజంలో ఏదో బిర్రుగా పట్టి, ఆగి, ఆలోచించి, వదిలేసింది. థర్డ్ అన్నప్పుడు దీపం ఆమె కొప్పు మీంచి పైకి లేచింది. నారాయణ గొడుగు ఎప్పుడో కింద పడేశాడు. వానలో తడుస్తూ, ఉద్యోగంలో ఎన్నడూ అరవనంత గట్టిగా, టెర్రస్ అన్నాడు. కుడి మోచెయ్యి చెవి పక్కనుంచి, దువ్వెనకు అందని చోటు దాటి, చీర తాడు ఎత్తు దాటి, నిటారుగా నిలబడింది. కుండ గుడి చూరు కింద, అందరికంటే పైన ఉంది.

డప్పులు మోగాయి. గ్యాలరీల్లో ఈలలు. రత్నాబాయి కుండ దించలేదు.

"అక్కా, గెలిచినవ్ తియ్, దించు" అంది భవాని. "వెనక అందరం తడుస్తున్నం."

"దించుత. తొందరేంది. రుతుజా, ఫొటో వచ్చిందా?"

"ఫొటో కాదు మావశీ, వీడియో నడుస్తుంది."

"అయితే నడ్వనీ" అని రత్నాబాయి మడమలు లేపి, కుండను ఇంకాస్త పైకెత్తింది.